మౌనం అర్ధాంగీకారమేనా?

మౌనం అర్ధాంగీకారమంటారు. మనుష్యుల విషయంలోనే సందేహాస్పదమైన యీ సూత్రాన్ని యంత్రాలకు కూడా వర్తింపజేయవచ్చునా?

దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ శిక్షణాలయాల్లో లినక్స్ నేర్చుకునే విద్యార్థి వొక ఫైలును నకలు చేయమని ఆజ్ఞ యిస్తాడు. తెర మీద ఏ మాటా రాదు. పని జరిగిందో లేదో తెలియక అయోమయంలో పడతాడు. యంత్రం తప్పు పట్టలేదు కాబట్టి జరిగినట్టేనని గురువు చెబుతాడు.

యీ మౌనానికి చరిత్ర వున్నది. లినక్స్‌కు నమూనా అయిన యునిక్స్ 1969లో బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. ఆ తొలి రోజుల్లో జవాబులు టెలిటైపు కాగితం మీద సెకనుకు సుమారు 10 అక్షరాల చొప్పున అచ్చయ్యేవి. అక్కరలేని మాట కాలాన్నీ కాగితాన్నీ తినేది. ఆనాటి పొదుపు న్యాయమే.

ఐతే జరిగిన పనిని గురించి మౌనం వేరు. జరగని పనిని గురించి మౌనం వేరు. 'ఆర్ఎం' ఆజ్ఞకు 'ఎఫ్' గుర్తు చేర్చి, లేని ఫైలును తొలగించమంటే యంత్రం నోరు మెదపదు. పేరులో అక్షరం తప్పు కొట్టినవాడు, రహస్యపత్రం చెరిగిపోయిందని నమ్మి లేచిపోతాడు. పత్రం మాత్రం అక్కడే వుంటుంది. ఫైలు లేకుండా వుండటమే కదా కోరినది, అని కొందరు వాదిస్తారు. మనిషి కాపలా లేకుండా రాత్రంతా నడిచే ప్రోగ్రాములకు ఆ వాదం చెల్లుతుంది. ఎదుట కూర్చున్న మనిషికి చెల్లదు. అందుకే 'మేక్' అనే పనిముట్టు, చేయవలసిందేమీ లేదని వొక్క వాక్యంలో చెప్పి వూరుకుంటుంది.

ఎల్బీనగర్ నియోజకవర్గంలో 2023 శాసనసభ ఎన్నికలకు వాడిన వోటింగ్ యంత్రాన్ని తలచుకోండి. మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, బీప్ మోగుతుంది, చీటీ 7 సెకన్లు కనబడుతుంది. మళ్లీ నొక్కితే ఏమీ జరగదు. యంత్రం ఏమీ చెప్పదు. ఐనా వోటరు మోసపోడు. మొదటి నొక్కుకు సమాధానం వచ్చింది కనుక. సాఫల్యం మాట్లాడే చోట మౌనానికి అర్థం వుంటుంది. సాఫల్యమూ నిష్ఫలతా రెండూ నోరు మూసుకున్న చోట మనిషి చీకట్లో మిగులుతాడు.

ఆ చీకటి ఖరీదు అందరికీ వొకటి కాదు. నిపుణుడు మరొక ఆజ్ఞతో పరీక్షించుకోగలడు. గడువు దాటిన తరువాత, పింఛను దరఖాస్తులో చిరునామా సవరించమని మీట నొక్కిన వృద్ధురాలు ఏం చేయగలదు? నెలల తరబడి ఎదురు చూస్తుంది. చివరకు తప్పు తనదేననుకుంటుంది. సవరణ జరగలేదని చెప్పటానికి వొక్క పంక్తి చాలు. తెలిసినది యంత్రానికి, నష్టం మనిషికి. అటువంటప్పుడు చెప్పే బాధ్యత తెలిసినదానిదే. అనగా, ఆ ప్రోగ్రాము రాసినవారిదే.