చొక్కా కొలత

ధ్యానభాగములు: 1 సమూయేలు 2:18–21; ఆదికాండము 27:41–45; 31:22–55



ఒకప్పుడు మన పల్లెలలో దూరప్రయాణమనగా గుంటూరు ఆసుపత్రికో, ఒంగోలు సభలకో పోవుటయే. ఇప్పుడు ఏ వీధిలో చూచినను ఒక కుమారుడో కుమార్తెయో అమెరికాలోనో, కువైటులోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. వారి బిడ్డలు అక్కడనే పెరుగుచున్నారు. ఇక్కడ పెండ్లి, అక్కడ బడి పరీక్ష. ఇక్కడ భూస్థాపన, అక్కడ పుట్టినదినము. ఈ రెంటి మధ్య నలుగుచున్న గృహములు మన సంఘములలో అనేకములు గలవు. దూరముననున్నవారు మన ముఖ్యదినములకు రాకపోవుట పాపమా? వచ్చిపోయినవారు తమ ఋణము తీర్చుకొన్నట్లేనా? ఈ ప్రశ్నకు నేను మొదట తప్పు జవాబు చెప్పితిని గనుక ఆ సంగతితోనే ఆరంభించెదను.

2021 మే మాసములో మా సంఘపెద్ద యొకరు కరోనా జబ్బుచేత ప్రభువునందు నిద్రించిరి. ఆయనకు ఒక్కడే కుమారుడు. అతడు భార్యతోను నాలుగేండ్ల కుమారునితోను అమెరికాలో ఉద్యోగము చేసికొనుచుండెను. అతడు రాలేదు. సమాధి యొద్ద మేము పది పండ్రెండుమందిమి మాత్రమే ఉంటిమి. మేనల్లుడొకడు ఫోను ఎత్తి పట్టుకొనగా, అక్కడ అర్ధరాత్రివేళ మేలుకొనియున్న కుమారుడు తండ్రి పెట్టె గుంటలోనికి దిగుట చూచెను. నేను తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను తీసికొని ప్రసంగించితిని. కన్న కొడుకు ఉండియు పిడికెడు మన్ను వేయువాడు లేని కాలము వచ్చెనని అంటిని. ఫోను ప్రక్కనే ఉన్నదని నాకు తెలియును. తెలిసియే అంటిని.

తరువాత నేను తెలిసికొన్న సంగతి యేమనగా, ఆ 2021 మే 4 మొదలు నవంబరు 8 వరకు అమెరికా ప్రభుత్వము మన దేశమునుండి వచ్చువారిలో తన పౌరులు, స్థిరనివాసులు మొదలైన కొందరిని తప్ప, ఉద్యోగపు వీసాల మీద నున్నవారిని సామాన్యముగా లోనికి రానియ్యలేదు. మన దేశమునుండి క్రమముగా నడచు విదేశ విమానములు 2020 మార్చిలో నిలిచిపోయి 2022 మార్చి 27న గాని మరల ఆరంభము కాలేదు. ఆ మధ్యకాలములో ప్రత్యేకమైన ఏర్పాటుమీద కొన్ని మాత్రమే నడచినవి. ఆ కుమారుడు తండ్రి సమాధికి వచ్చియుండినయెడల, తిరిగి భార్యాబిడ్డలను ఎన్నడు చేరునో చెప్పగలవారు లేరు. తండ్రికి కుమారుడై యుండవలెనా, తన కుమారునికి తండ్రియై యుండవలెనా అని అతడు ఆ రాత్రి ఏడ్చుచుండగా, నేను ఇక్కడనుండి రాయి విసరితిని. అతనికి ఫోను చేసి క్షమాపణ కోరుటకు నాకు ఎనిమిది మాసములు పట్టినది. రాలేనివాడు వేరు, రానొల్లనివాడు వేరు. ఈ భేదము విచారింపక తీర్పు తీర్చు కాపరి, కాలు విరిగిన గొఱ్ఱెను వెనుకబడినదని కొట్టువానివంటివాడు.

మరియొక మాట కూడ మనము మరువరాదు. మనకు సువార్త తెచ్చినవారును ఇట్టి ఎడబాటు ననుభవించినవారే. హయ్యర్ అయ్యగారు భార్యను పోగొట్టుకొని, బిడ్డలను అమెరికాలో విడిచి, 1841లో ఓడ యెక్కి 1842 జులై 31న గుంటూరు చేరిరి. ఆ దినములలో ఒక ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు మాసములు పట్టెడిది. తరువాత వచ్చిన మిషనరీల బిడ్డలు అనేకులు 1901లో కొడైకెనాలు కొండమీద స్థాపింపబడిన బడిలో చదువుకొని, తాతను అవ్వను ఏండ్లతరబడి చూడకయే పెరిగిరి. సువార్తకొరకు పరదేశములో బిడ్డలను పెంచినవారిని గౌరవించి, కూటికొరకు పోయినవారిని దూషించుట న్యాయమా? అప్పు తీర్చుటకు, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేయుటకు పోయినవారు కారా మనవారు? పొమ్మని ప్రార్థన చేసి పంపినది మనమే కదా.

రిబ్కాను తలంచుడి. ఏశావు కోపము చల్లారువరకు కొన్ని దినములు మాత్రము తన అన్న యొద్ద నుండుమని ఆమె యాకోబును హారానునకు పంపెను. ఆ కొన్ని దినములు ఇరువది సంవత్సరములాయెను. పదకొండుమంది కుమారులు అక్కడనే పుట్టిరి. ఆమె వారిలో ఒక్కనినైనను ఎత్తుకొన్నట్లు లేఖనములో ఎక్కడను వ్రాయబడలేదు. రెండేండ్లలో వచ్చెదనని చెప్పి పోయిన మన బిడ్డలును అబద్ధమాడినవారు కారు. దినములు వారి చేతిలో లేకపోయెను.

ఇక వచ్చినవారి సంగతి.

ఆ కుమారుడు 2024 జనవరిలో కుటుంబముతో వచ్చెను. ఆరు నెలల పసివానిగా విమానమెక్కిన మనుమడు ఇప్పుడు ఏడవయేట నున్నాడు. నాయనమ్మ సంతోషమునకు మేర లేదు. పిల్లవానికి పండుగ చొక్కా కుట్టింపవలెనని ఆమె ముందుగానే దర్జీ యొద్దకు పోయి, ప్రక్కయింటి ఏడేండ్ల పిల్లవాని కొలత ఇచ్చెను. వాడు వచ్చి ఆ చొక్కా తొడుగుకొనగా అది భుజములు దాటలేదు. అందరు నవ్విరి. ఆమెయు నవ్వి, దానిని మడిచి పెట్టె అడుగున పెట్టెను. ఇన్నేండ్లును వాడు ఫోనులో ఆమె అరచేతిలో పట్టెడివాడు. వాని భుజములు ఎంతయో ఆమెకెట్లు తెలియును?

సెలవు పదునారు దినములు. ప్రయాణపు బడలిక తీరుటకు రెండు, కోడలి పుట్టింట నాలుగు, మేనత్త కుమార్తె పెండ్లికి మూడు, తండ్రి జ్ఞాపకార్థ కూటమునకు రెండు, హైదరాబాదులో వీసా పనికి మూడు. మిగిలినవి రెండే దినములు. ఆ రెంటిలో ఒక ఆదివారమును నేను తీసికొంటిని. ఆరాధన తరువాత సన్మానము పెట్టి, శాలువ కప్పి, పెద్దలందరిచేత మాటలాడించితిని. భోజనమైన పిమ్మట కుమారుని వెంటబెట్టుకొనిపోయి, పడిపోయిన మందిరపు ప్రహరీగోడ చూపించి, దాని ఖర్చు అంచనా వివరించితిని. మేము తిరిగి వచ్చుసరికి దీపాలు పెట్టినారు. పిల్లవాడు నిద్రపోయెను. ఆమె గుమ్మములో నిలుచుండి, "పర్లేదులెండి అయ్యగారూ, దేవుని పని కదా" అనెను. ఆ మాట నన్ను నేటికిని బాధించుచున్నది. గోడ దేవుని పనియే. అయితే ఆ సాయంకాలము నా సొత్తు కాదు.

మరునాడు, అనగా ప్రయాణమునకు ముందు సాయంకాలము, ప్రార్థన చేయుటకు వారి యింటికి పోతిని. పెద్దలు లోపల పెట్టెలు సర్దుచుండిరి. అరుగుమీద నాయనమ్మయు మనుమడును చేట ముందు పెట్టుకొని కందికాయలు ఒలుచుచుండిరి. వానికి తెలుగు కొంచెమే వచ్చును. ఆమెకు ఇంగ్లీషు బొత్తిగా రాదు. గింజలు లెక్కపెట్టుటలో ఇద్దరును పోటీ పడుచుండిరి. కొంతసేపటికి ఆమె కొంగున ముడివేసిన దారము తీసి, వాని భుజములు కొలిచి ఒక ముడి వేసెను. చేయి కొలిచి ఒక ముడి. మెడనుండి నడుమువరకు ఒక ముడి. వాడు చక్కిలిగింతకు నవ్వి, ఆ దారము లాగుకొని, "నాయనమ్మా, నీకు" అని ఆమె చేయి కొలువసాగెను. నేను ప్రార్థన సంగతి ఎత్తక మెట్టుమీద కూర్చుంటిని. ఆమె నన్ను చూచి, "పెళ్ళి అయింది, కూటం అయింది, సన్మానం అయింది అయ్యగారూ. వీణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను" అనెను.

ఆ రాత్రి హన్నాను గూర్చి చదివితిని. ఆమె ఏటేట భర్తతో కూడ బలి అర్పించుటకు షిలోహునకు పోవునప్పుడు సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. ఆ పండుగలో ఎవరు వచ్చిరో, ఎవరికి గౌరవము జరిగెనో మనకు తెలియదు. చిన్న అంగీ మాత్రము గ్రంథములో నిలిచినది. ఆమె ఏటికొకసారి వానిని దగ్గరకు తీసి, పాత అంగీ ఎక్కడ బిగువైనదో చూచియుండునని నేను తలంచుచున్నాను. చూడనిదే మరుసటి యేటికి కొలత తెలియదు గదా.

లాబాను సంగతియు అట్లే. అతడు మోసగాడు, అతని మాటలన్నియు నమ్మదగినవి కావు. అయినను యాకోబును తరుముకొని గిలాదు కొండమీద కలిసినప్పుడు అతడు చేసిన ఫిర్యాదులలో ఒకటి న్యాయమైనది: తన మనుమలను ముద్దుపెట్టుకొననియ్యలేదనుట. పాటలతో వాద్యములతో సాగనంపియుందునని కూడ అతడు చెప్పెను. ఆ వాద్యములు మ్రోగనే లేదు. తెల్లవారుజామున లేచి, బిడ్డలను ముద్దుపెట్టుకొని, దీవించి తన చోటికి మరలిపోయెను. అతనికి దొరికినది అంతే. అది చాలెను.

అట్లయిన పెండ్లిండ్లు, కూటములు వ్యర్థములా? కావు. మన ప్రభువు కానాలో పెండ్లికి పోయెను. నాయీనులో పాడె యొద్ద నిలిచెను. ముఖ్యదినములు సంఘమంతటికి సాక్ష్యము. అయితే దినము పదిమందిది. మనిషికి మనము చెల్లింపవలసిన ఋణము వేరు. దినమునకు వచ్చి మనిషిని చూడక పోయినవాడు సగము ఋణమే తీర్చెను. దినమునకు రాలేకపోయి, మరియొకప్పుడు తీరికగా వచ్చి అరుగుమీద కూర్చున్నవాడు దోషి కాడు.

కాబట్టి దూరముననున్న కుమారులారా, కుమార్తెలారా, మీ సెలవులో కొన్ని దినములకు ఏ పేరును పెట్టక ఖాళీగా ఉంచుడి. "తిన్నావా నాయనమ్మా" అని అడుగునంత తెలుగైనను మీ బిడ్డలకు నేర్పుడి. పురుటికని తల్లిని పిలిపించుకొన్నవారు, సాధారణముగా వీసామీద ఆమెకు దొరకు ఆ ఆరు మాసములలో ఆమెను ఆయావలె చూడకుడి. మంచు కురియు ఊరిలో పగలంతయు మాటలాడు దిక్కులేక కూర్చున్న తల్లిని జ్ఞాపకము చేసికొనుడి. ఇక్కడనున్న బంధువులారా, వచ్చినవారి జీతము అడుగుటకు ముందు వారి బిడ్డ పేరు సరిగా పలుకుట నేర్చుకొనుడి. తోటి కాపరులారా, మొదటి ఆదివారముననే గోడ చూపింపకుడి.

ఆ దారము ఆమె బైబిలులో భద్రముగా ఉండెను. గత క్రిస్మసుకు ముందు దానిని దర్జీకి ఇచ్చి, పెరుగుదలకు రెండు అంగుళములు వదలి కుట్టుమని చెప్పెను. అమెరికా పోవు వారొకరిచేత ఆ చొక్కా పంపినది. సరిపోయినదో లేదో నాకు తెలియదు. ఈసారి వచ్చినప్పుడు మరల కొలిచెదనని మాత్రము ఆమె అనుచున్నది.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, దూరదేశములలో పెరుగుచున్న మా బిడ్డలను కాపాడుము. రాలేనివారిని మేము తీర్పు తీర్చకుండునట్లును, వచ్చినవారి దినములను మేము దోచుకొనకుండునట్లును మాకు కృప దయచేయుము. వృద్ధులైన తల్లిదండ్రులకు తమ పిల్లల పిల్లలను కన్నులార చూచు దినము అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.