అతిథి గది ఎవరిది?

పూర్వము తెలుగునాట సామాన్యుల ఇండ్లలో అతిథికని ప్రత్యేకమైన గది ఉండెడిది కాదు. వీధివైపు అరుగు, లోపల మండువా, చుట్టును వసారాలు ఉండెడివి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వచ్చిన బాటసారి అరుగుపై చాప పరచుకొని నడుము వాల్చెడివాడు. బంధువైనచో మండువాలో నవారు మంచము వేసెడివారు. చాటు తక్కువైనను గాలికిని మాటకును లోటుండెడిది కాదు. నేటి ఇంటికి అరుగు లేదు. అంతస్తుల ఇండ్లకు వీధియే లేదు. ఐనను ఓపిక గల గృహస్థులు ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల చిన్న గదినొకదానిని వేరుచేసి అతిథి గది యని పేరు పెట్టుకొనుచున్నారు. పేరు మంచిదే. తలుపు తీసి చూచినచో సంగతి వేరుగా నుండును.

మంచము క్రింద బియ్యపు బస్తా, దాని ప్రక్కన పండుగ పాత్రల పెట్టె. మూలను చెడిపోయిన పంకా. అటకపై పెద్దవాడి పాత పుస్తకములు. బీరువా నిండ ఇంటివారి చలికాలపు బట్టలు. అతిథి వచ్చుచున్నాడని ఫోను రాగానే వీనినన్నిటిని మరికొంత లోపలికి నెట్టుదురు. అతడా సామానుల నడుమ తానొక క్రొత్త సామానై ఒదిగి పరుండును. కొన్ని ఇండ్లలో ఇందుకు విరుద్ధమైన పద్ధతి కలదు. అద్దాల అలమరలో బహుమతులు, గోడకు ఖరీదైన పటము, మంచముపై ముడుత పడరాని పట్టుదుప్పటి. అట్టి గదిలో అతిథి మంచము అంచున కూర్చుండునే గాని కాళ్లు చాపుకొనడు. ఈ రెండు గదులకును దోషమొక్కటే. రెంటిలోను అతిథి పరాయి చోటున ఉన్నాడు. కాబట్టి విచారింపవలసిన ప్రశ్న మంచమెంత మెత్తనిదన్నది కాదు. అతిథి ఉన్నన్ని దినములు ఆ గది ఎవరిది?

దానమునకును దాసోహమునకును గల భేదమిక్కడ అక్కరకు వచ్చును. దానమున ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. ఇచ్చువాని చేయి పైన ఉండును. వస్తువు తనదన్న తలపు వానికి తొలగదు. బసవేశ్వరుడు బోధించిన దాసోహమున ఇచ్చువాడే దాసుడు. వస్తువు మొదటినుండియు అతనిది కాదు. కల్యాణములోని ఆయన ఇంటికి మహామనె యని పేరు. ఇంటికి వచ్చినవానిని ఆదరముతో పలుకరింపని వానిని ఆయన ఒక వచనమున గట్టిగా మందలించెను. అన్నము విషయమున ఈ భావమును మనవారు బాగుగానే గ్రహించిరి. పంక్తిలో కూర్చున్నవానికి వడ్డించునపుడు ఇది నా అన్నమని ఎవడును తలపోయడు. గది విషయమున మాత్రము ఆ భావము గడప దగ్గరనే నిలిచిపోవుచున్నది. అన్నము తిన్నవాడు లేచిపోవును. గదిలో దిగినవాడు నాలుగు దినములుండును. అతడు ఇంటి స్నానపు గదిని వాడును, ఇంటి కలహములను వినును, ఇంటివారి నిద్రవేళలను చెరచును. కన్నడదేశమునుండి ఉగాదికి శ్రీశైలమునకు నడచివచ్చు భక్తులు నల్లమల దాటునపుడు దారి గ్రామములవారు వారికి అన్నము, మజ్జిగ, నీడ ఇచ్చుట ఈనాటికిని కలదు. అది గొప్ప సేవయే. ఐనను వందమందికి ఒకపూట అన్నము పెట్టుటకన్న ఒక్కనికి వారము దినములు గది విడుచుట కష్టము. మొదటిదానికి ధాన్యము చాలును. రెండవదానికి స్వాతంత్ర్యములో కొంత వదలుకొనవలెను.

అతిథి కష్టమునకు మూలమేమి? అడుగవలసి వచ్చుటయే. అర్ధరాత్రి దాహమైనచో నీరెక్కడ నున్నదో తెలియదు. అడుగుటకు ఇంటివారు నిద్రించుచున్నారు. చీకటిలో దీపపు మీట కొరకు గోడ తడవును. దోమలు కుట్టుచున్నను దోమతెర కావలెనని నోరు రాదు. చలి వేసినను రెండవ దుప్పటి అడుగుటకు మొగమాటము. తెల్లవారి ఎట్లున్నదని ప్రశ్నించినచో సుఖముగా నిద్ర పట్టినదనియే చెప్పును. ఆ మాటను నమ్మరాదు. అతిథి నోట గది లోపము వినవలెననుకొను గృహస్థు ఎన్నటికిని వినడు.

అందుచేత అడుగనక్కరలేని వస్తువులే ఆ గదికి అలంకారములు. పడుకొనుటకు ముందే చెంబుతో నీరు, మూతగా గ్లాసు తలాపున ఉండవలెను. దీపపు మీట పడుకొన్నవాని చేతికి అందవలెను. అందనిచోట చిన్న బల్లదీపము చాలును. స్నానపు గదికి పోవు దారిని రాకముందు కాదు, వచ్చిన సాయంకాలమే చూపవలెను. రాత్రి ఆ దారిలో ఒక చిన్న దీపము వెలుగుచుండవలెను. గోడకు రెండు చిలుకకొయ్యలు, బీరువాలో పూర్తిగా ఖాళీ చేసిన ఒక్క అర కావలెను. ఈ ఖాళీ అర చిన్న విషయముగా తోచును గాని, సంచి విప్పి బట్టలు అరలో పెట్టుకొన్న అతిథికిని, నాలుగు దినములును సంచిలోనుండియే తీసి కట్టుకొన్న అతిథికిని ఎంతో భేదమున్నది. మొదటివాడు ఉండుటకు వచ్చినట్లు. రెండవవాడు ఏ క్షణమైనను పోవుటకు సిద్ధముగా నున్నట్లు. తలుపునకు లోపలి గడియ తప్పనిసరి. కొందరు గృహస్థులు అతిథి గదికి గడియ ఎందుకందురు. స్త్రీలు అతిథులుగా వచ్చినపుడు వారిని అడిగి తెలిసికొనుట మేలు. సెల్‌ఫోనునకు విద్యుత్తు పట్టించుకొను చోటు మంచము దాపున లేకున్నచో అతిథి హాలులో ఇతరుల కాళ్లమధ్య దానిని వ్రేలాడదీసి కాపలా కాయవలసివచ్చును.

పరుపు దూదిదైనచో అతిథి వచ్చుటకు ముందొక దినము ఎండలో వేయవలెను. మూసియుంచిన గదిలోని పరుపునకు ముక్కవాసన పట్టుట సహజము. ఎంత సువాసన చల్లినను అది పోదు, ఎండకే పోవును. బూరుగుదూది దిండు ఉబ్బసము గలవారికి పడకపోవచ్చును. కాన నూలు దిండు ఇంకొకటి ఉంచుట మంచిది. మంచము మోకాలి ఎత్తున ఉన్నచో వృద్ధులు చేయూత లేకయే లేవగలరు. నేలకు దగ్గరగానుండు నేటి సొగసైన మంచములు చూచుటకు బాగుండును. కీళ్ల నొప్పులు గల పెద్దమ్మకు అవి గోతులు. కిటికీకి ఎదురుగా మరియొక కిటికీయో, తలుపుపై గాలి కంతయో లేనిచో చిన్న గది వేసవిలో పొయ్యి వలె కాగును. అట్టి గదిలో వస్తువులెంత తక్కువైన అంత సుఖము. రెండవ కుర్చీ తీసివేసిన చోట మనిషి తిరుగగలడు.

లింగధారియైన అతిథికి తెల్లవారుజామున పూజకు చోటు కావలెను. శుభ్రమైన పీట, చెంబుడు మంచినీరు, విభూతి గదిలోనే ఉన్నచో అతడు ఇంటివారి పూజ ముగియువరకు వేచియుండ పనిలేదు. స్నానపు గది ఒక్కటియే ఉన్న ఇంటిలో, బడికి పోవు పిల్లల తొందరకు ముందే ఆయనకు వేళ కేటాయించి ఆ మాట రాత్రియే చెప్పవలెను. చెప్పనిచో ఆయన తువాలు భుజమున వేసికొని తలుపు దగ్గర నిలుచుండును, పిల్లలు గొణుగుదురు, ఇద్దరికిని కష్టము. అతిథి వేరొక మార్గమువాడైనచో అతని ప్రార్థనకును ఆ మూలయే చాలును. పీట తీసి చాప వేయుటకు క్షణమైనను పట్టదు.

ఇన్నియు చేసితిమనుకొన్న గృహస్థునకు ఒక పరీక్ష కలదు. ఒక రాత్రి తన మంచము విడిచి ఆ గదిలో పరుండి చూడవలెను. వీధిదీపము నేరుగా కన్నులలో పడుట, కుళాయి నుండి బొట్టుబొట్టుగా నీరు కారుట, పంకా కిర్రుమనుట, నడిమిగోడ గుండ పక్కగది మాటలన్నియు వినబడుట అప్పుడు గాని తెలియవు. సంవత్సరముల తరబడి అతిథులెవ్వరు చెప్పని సంగతులు ఒక్క రాత్రిలో బయటపడును.

ఇక అసలు చిక్కు. ఆ గది ఎవరికి? అల్లుడు వచ్చినపుడు గది తెరచుకొనును. పై అధికారి బంధువు వచ్చినపుడు క్రొత్త దుప్పటి బయటికి వచ్చును. కంటి శస్త్రచికిత్స కొరకు పల్లెనుండి వచ్చిన మేనత్తకు మాత్రము హాలులో చాప పడును. ఆమె నేలమీద పరుండుటకు అలవాటుపడినదే అని సమాధానము చెప్పుకొందురు. అలవాటు వేరు, ఇష్టము వేరు. కంటికి కట్టుతో, అపరిచితమైన ఇంటిలో, అందరు నడచు దారిలో పరుండు అలవాటు ఎవరికిని ఉండదు. ఆస్పత్రి కొరకు, కోర్టు వాయిదా కొరకు, పిల్లవాని పరీక్ష కొరకు పట్టణమునకు వచ్చువారే నేటి నిజమైన అతిథులు. వారు తిరిగి ఏమియు ఇయ్యలేరు. గదికి అర్హత కలిగించునదే అది. గది ఒకటియై అతిథులు ముగ్గురైనపుడు హోదాను బట్టి గాక అవసరమును బట్టి ఇయ్యవలెను: రోగికి, బాలింతకు, వృద్ధునకు. అల్లుడు హాలులో పరుండిన మర్యాద చెడదు. చెడునని తలచు అల్లునికి ఒక రాత్రి అట్లు పరుండుట మేలే చేయును.

కులము మాట చెప్పక తప్పదు. అస్పృశ్యుడని లోకము దూరముంచిన శివనాగుమయ్యతో బసవేశ్వరుడు కలసిమెలసి యుండుటను ఓర్వలేనివారు బిజ్జలునితో ఫిర్యాదు చేసిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. ఆ కథను పురాణకాలక్షేపమున విని తల ఊపినవారి ఇండ్లలో కొన్నిచోట్ల ఇప్పటికిని వేరు గ్లాసు ఉన్నది. గ్లాసు వేరైన ఇంటిలో గది మాట ఎత్తనే అక్కరలేదు. మఠములకును ఈ ప్రశ్న వర్తించును. పెద్దలు దిగు గదికి కొత్త రంగు వేయుదురు. దూరమునుండి పసిబిడ్డతో వచ్చిన భక్తురాలికి వసారాలో స్తంభము మూల దొరకును. ఆమెకు తలుపు గల చిన్న గది ఒక్కటి చూపగలిగిన మఠమునకు ఖర్చు స్వల్పము.

ఆతిథ్యపు పుణ్యము యజమానిది, శ్రమ ఇల్లాలిది అగుట మరొక అన్యాయము. నాలుగు దినములుండుమని మగవాడు నోటితో చెప్పును. దుప్పట్లు ఉతుకుట, వేన్నీళ్లు కాచుట, వేళ తప్పిన భోజనములు వడ్డించుట ఆమె చేతుల మీదుగా జరుగును. పిలుచునపుడు ఆమెను అడుగని పిలుపు దాసోహము కాదు, పరుల కాయకముపై చేసిన దానము. పరుపు ఎండలో వేయుట, నీరు నింపుట, గది ఊడ్చుట పురుషులు చేయదగిన పనులే. చేసినచో రెండవ అతిథిని పిలుచునపుడు వారికి ఆలోచన కలుగును.

శక్తికి మించి చేయుటయు మెచ్చదగినది కాదు. ఆయ్దక్కి మారయ్య దంపతులు మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి దానితోనే జంగమదాసోహము నడపిరి. ఒకనాడు మారయ్య మామూలుకన్న ఎక్కువ ఏరి తేగా లక్కమ్మ ఒప్పక, మిగిలినదానిని ఎక్కడనుండి తెచ్చెనో అక్కడనే పోసి రమ్మని పంపినది. అప్పు చేసి అతిథి గదికి శీతలయంత్రము పెట్టించు గృహస్థు ఆమె మాట వినవలసినది. అతిథి ఆ అప్పును పసిగట్టిన క్షణమున ఆ చల్లదనము అతనికి వేడిగా తగులును.

నేడు పలువురు అతిథులు బంధువుల ఇండ్లకన్న లాడ్జీలనే కోరుచున్నారు. డబ్బు చెల్లించినచోట ఎవనికిని ఋణపడనక్కరలేదన్నది వారి తర్కము. కొంతవరకు అది న్యాయమే. ఇండ్లలో వారు అనుభవించిన మొగమాటములే వారినట్లు తరిమినవి. అయితే కొందరు ఇంటిలో ఉండియు లాడ్జీ లెక్కయే పాటింతురు. పిల్లవాని చేతిలో పది రూపాయలో నూరు రూపాయలో పెట్టుట వాత్సల్యము, దానికి దోషము లేదు. దిండు క్రింద నోట్లు మడిచిపెట్టి చెప్పక పోవుట వేరు. మోళిగ మారయ్య కట్టెలు కొట్టి అమ్మి జంగమములకు అంబలి పోసెడివాడు. అతడు ఇంట లేనివేళ బసవేశ్వరుడు మారువేషమున వచ్చి, మహాదేవమ్మ పోసిన అంబలి త్రాగి, పేదరికమునకు జాలిపడి బంగారము రహస్యముగా ఉంచిపోయెను. మారయ్య వచ్చి చూచి, ఆ పని ఎవరిదో గ్రహించి, దానిని దాచుకొనక జంగమములను పిలిచి పంచిపెట్టెను. మరునాడు యథాప్రకారము గొడ్డలి భుజమున వేసికొని అడవికి పోయెను.