ఉసిరికాయ, కొల్లాజెన్ తాడు

కొల్లాజెన్ మూడు పోగులు కలిపి పేనిన తాడులాంటి ప్రోటీన్. చర్మం, ఎముక, చిగుళ్లు, రక్తనాళాల గోడలు దాని బలంతోనే నిలుస్తాయి. ఆ తాడు బిగియాలంటే పోగుల్లోని అమైనో ఆమ్లాలైన ప్రోలిన్, లైసిన్‌లకు హైడ్రాక్సిల్ సమూహం చేరాలి. ఆ పని చేసే ఎంజైములోని ఇనుమును పనికొచ్చే స్థితిలో ఉంచేది విటమిన్ సి. అది కరవైతే తాడు వదులవుతుంది: చిగుళ్లు నెత్తురోడతాయి, పుండు మానదు, కొత్త కణాలకు ఆసరా దొరకదు. మేక ఈ విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. మనిషికి ఆ భాగ్యం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పురుషులకు రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి, స్త్రీలకు 65. కార్తీక వనభోజనాలకు నీడనిచ్చే ఉసిరి కాయలో అది నారింజలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. విజయవాడ రైతుబజారు జామకాయ కూడా తక్కువదేమీ కాదు. వేడికి ఈ విటమిన్ చాలావరకు నశిస్తుంది కనుక పచ్చిగా తినడమే మేలు.