కాపరి, జీతగాడు: రాయలసీమ క్రైస్తవ సంఘాల్లో బోధకుని పోషణ – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

కర్నూలు, కడప ప్రాంతపు పల్లెల్లో క్రైస్తవ బోధకుని పలు పేర్లతో పిలుస్తారు. పాత మిషన్ సంఘాల్లో ‘అయ్యగారు’ అనే పిలుపు ఉంది. ముందుతరాల వాడుకలో ‘ఉపదేశి’ ఉండేది. కొత్త సంఘాల్లో ‘పాస్టరుగారు’, ‘దైవజనుడు’ అంటున్నారు. రాతలో మాత్రం ‘సంఘ కాపరి’ అనే మాట స్థిరపడింది. కాపరి మందను ఎలా కాయాలో చెప్పే బోధ సంఘాల్లో విస్తారంగా ఉంది. ఆ కాపరిని తీర్చిదిద్దడం, చదివించడం, పోషించడం ఎవరి ధర్మం అన్న ప్రశ్న అంతగా చర్చకు రాదు. తెలుగు బైబిలులోని రెండు పదాల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పదాలు

కాపు, కావలి, కాపాడు, కాపరి – ఇవన్నీ ‘కాచు’ ధాతువుతో సంబంధం ఉన్న మాటలు. యోహాను సువార్త పదో అధ్యాయంలో మంచి కాపరికి ఎదురుగా నిలిచే వ్యక్తికి తెలుగు అనువాదకులు ‘జీతగాడు’ అనే పేరు పెట్టారు. తోడేలు వస్తే అతడు పారిపోతాడు. గొర్రెలు తనవి కాకపోవడమే అందుకు కారణమని ఆ అధ్యాయం చెబుతుంది. గ్రీకు మూలపదానికి కూలికి పనిచేసేవాడని అర్థం కనుక అనువాదంగా ఇందులో దోషం లేదు.

అయితే మెట్టపల్లెలో జీతగాడు అనే మాటకు నిర్దిష్టమైన సామాజికార్థం ఉంది. ఏడాదికి ఇన్ని గింజలని మాట్లాడుకుని, రైతు ఇంట పశువులను మేపి, దొడ్డి ఊడ్చి, సేద్యం చేసిన మనిషి జీతగాడు. అప్పు తీరక ఏళ్ల తరబడి ఒకే గడపలో మిగిలిపోయినవాళ్లూ ఉన్నారు. వీరిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు.

ఇక్కడి క్రైస్తవ సంఘాలు చాలావరకు ఆ కుటుంబాలతోనే ఏర్పడ్డాయి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. ఎస్.పి.జి. మిషన్‌కు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలయ్యాయి. అమెరికన్ బాప్టిస్టులు కర్నూలులో పనిచేశారు. 1876–78 నాటి కరవు తర్వాత సంఘాల్లో చేరినవారి సంఖ్య పెరిగింది. వారికి బోధించేవారి సంఖ్య ఆ మేరకు పెరగలేదు. ఆ కొరతను ఉపదేశులు పూరించారు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించడం, సాయంత్రం ప్రార్థన నడపడం, జబ్బుపడ్డవారిని చూసిరావడం వారి పని. జీతగాళ్ల ఇళ్లలో పుట్టి ఉపదేశులైనవారు, జీతగాడు నమ్మదగనివాడని ఉపమానరూపంలో చదివి వినిపించవలసి వచ్చింది. తండ్రి బతుకును సూచించే మాట కొడుకు బోధలో నిందగా మారింది.

త్యాగం ఎవరిది?

దీని ప్రభావం ఒక్క పదానికే పరిమితం కాలేదు. బోధకుడు జీతం గురించి నోరు తెరిస్తే జీతగాడవుతాడు. తెరవకపోతే ఇల్లు గడవదు. ‘దేవుని పని చేసేవాడికి దేవుడే చూసుకుంటాడు’ అనే మాట విశ్వాసంగా వినిపిస్తుంది. చాలా సందర్భాల్లో అది సంఘం తన బాధ్యత నుంచి తప్పుకునే దారి కూడా అవుతుంది.

అదే తెలుగు బైబిలు లూకా సువార్త పదో అధ్యాయంలో పనివాడు జీతానికి అర్హుడని చెబుతూ ‘జీతము’ అనే మాటనే గౌరవార్థంలో వాడింది. ‘జీతం’ అనేది ‘జీవితం’ అన్న సంస్కృత శబ్దానికి వికృతి అని మన వ్యాకర్తలు చెప్పారు. జీవించడానికి ఆధారమైనదే జీతమని గ్రహిస్తే, జీతం అడగడం లోభం కాజాలదు. యోహాను సువార్తలోని జీతగాడి దోషం కూడా జీతం తీసుకోవడం కాదు, మందను తనదిగా ఎంచకపోవడం. జీతం లేకుండానే మందను విడిచిపోయేవాడు ఉండవచ్చు. జీతం తీసుకుంటూనే తోడేలుకు ఎదురు నిలిచేవాడూ ఉండవచ్చు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఈ విషయం స్పష్టమవుతుంది. బోధకునికి పోషణ పొందే హక్కు ఉందని ముందు స్థాపించి, తాను ఆ హక్కును వాడుకోలేదని తర్వాత చెబుతాడు. ఈ వరస ముఖ్యం. హక్కు ఉన్నవాడు దానిని వదులుకుంటే త్యాగం. హక్కే లేనివాడి చేత వదిలింపజేస్తే అది వెట్టి. మొదటిది బోధకుని గుణం, రెండోది సంఘం దోషం.

ఎవరి మనిషి?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. జీతం ఇచ్చేవాడి మాటే చెల్లుతుంది కదా, బోధకుడు సంఘం మనిషిగా మిగులుతాడా? చరిత్ర ఈ సందేహాన్ని కొట్టివేయనివ్వదు. మిషన్ జీతం సముద్రాల అవతలి నుంచి వచ్చినంతకాలం ఉపదేశి జవాబు చెప్పవలసింది దొరకే.

నంద్యాల ప్రాంతం డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఉన్న కాలంలో బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ చిక్కును గుర్తించారు. 1912లో బిషప్ అయిన ఆయన స్థానిక కానుకలకు ప్రాధాన్యమిచ్చారు. వంటకు తీసిన గింజల్లోంచి ఇల్లాలు పిడికెడు పక్కనపెట్టి గుడికి తెచ్చే పద్ధతి ఆ మండలంలో ఉండేది. పిడికెడు గింజలతో జీతం మొత్తం సమకూరకపోవచ్చు. కానీ కాపరి ఎవరి మనిషో అది చెబుతుంది. దేవాలయ అర్చకునికి మాన్యం ఉండేది. భూమి లేని సంఘం ఇవ్వగలిగిన మాన్యం ఆ పిడికెడే.

కాబట్టి ఆక్షేపణకు సమాధానం జీతాన్ని మానడం కాదు. అది వచ్చే దారిని మార్చడం.

చదువు, దిద్దుబాటు

పోషణ అంటే తిండిగింజలే కాదు. డోర్నకల్‌లో అభ్యర్థులు భార్యలతో సహా వచ్చి శిక్షణ పొందేవారు. ఆ ఇల్లాలు కూడా పల్లెలో బోధకురాలే అవుతుందన్న గ్రహింపు అందులో ఉంది. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తర్వాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వివిధ సంఘాల అభ్యర్థులకు ఉన్నత వేదాంత విద్యను ఒకేచోట అందించింది. నగరంలోని చదువు దృష్టిని విశాలం చేస్తుంది. మెట్టపల్లె నుడికి, అక్కడి కరవు అనుభవానికి అభ్యర్థిని దూరం చేసే ప్రమాదమూ ఉంది. తిరిగి వెళ్లి ఆ నుడిలో ఓదార్చగలగడం కూడా శిక్షణలో భాగం కావాలి.

యెహెజ్కేలు గ్రంథం ముప్పైనాలుగో అధ్యాయం మందను మేపక తమనే మేపుకొన్న కాపరులను గద్దిస్తుంది. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని బోధకుడు మందకే ప్రమాదం. అతని లెక్కలు అడగడం, తప్పును ముఖం మీద చెప్పడం, అలసినప్పుడు విశ్రాంతినివ్వడం కూడా పోషణే. ఏ పెద్ద సంఘానికీ చెందక ఒంటరిగా గుడి నడిపే పాస్టర్లకు కరవైనవి ఇవే. వారిని తప్పుపట్టేవారుంటారు, పొగిడేవారుంటారు. దిద్దేవారు తక్కువ.

ముగింపు

సీమలో గొర్రెల కాపరి ఒంటరిగా మంద తోలడు. రాత్రి చేలో మంద నిలిపితే ఎరువు దక్కిన రైతు గింజలిస్తాడు, అన్నం పెడతాడు. ఒకరు పడుకుంటే మరొకరు మేలుకుంటారు. ఆ అన్నం తిన్నందుకు కాపరిని ఎవరూ తక్కువగా చూడరు. అతడు నిద్రపోయినందుకు మంద చెదరదు, మరో మనిషి మేలుకొని ఉన్నాడు కనుక. సంఘ కాపరి విషయంలోనూ ధర్మం ఇదే. అతడు జీతగాడుగా మారకుండా చూడటం అతని మనస్సాక్షికే వదిలేయదగిన పని కాదు. మందను తనదని అతడు అనుకోవాలంటే, అతడు తమవాడని మంద ముందుగా అనుకోవాలి. అతని పిల్లల చదువు, జబ్బు, ముసలితనంలో ఇల్లు సంఘం లెక్కలోకి వచ్చినప్పుడే ఆ మాట నిజమవుతుంది.