ఎదుటివాడి కష్టం మీద పాట

వాయిదాలు కట్టలేని రైతు ట్రాక్టరు చివరికి ఫైనాన్సు కంపెనీ యార్డుకు చేరుతుంది. వేలంలో పాడదలచినవారు ముందే వెళ్లి బండి చూసుకుంటారు. ఇంజను స్టార్టు చేసి పొగ రంగు గమనిస్తారు. మీటరులో ఎన్ని గంటలు తిరిగిందో, లిఫ్టు బరువు ఎత్తుతోందో లేదో, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నదేనో కాదో సరిచూస్తారు. బానెట్ మీద దసరానాటి పసుపు కుంకుమలు, ముందు వేలాడే ఎండు నిమ్మకాయలు కూడా కంటబడతాయి. ఆ బండికి ఒక ఇంట్లో పూజ జరిగింది.

పాట తెలిసినవారు ఇల్లు కదలకముందే తమ పై ధర రాసుకుంటారు. మరమ్మతులకు, టైర్లకు, పేరు మార్పిడికి అయ్యే ఖర్చు ముందే తీసేసి మరీ ఆ అంకె వేస్తారు. తీరా పాట వేడెక్కాక పక్కవాడు వెయ్యి పెంచితే మనకు రెండు వేలు పెంచాలనిపిస్తుంది. ట్రాక్టరు సంగతి మరిచి వాడిని ఓడించడమే పనిగా పెట్టుకుంటాం. కామ క్రోధ లోభాలను నరకద్వారాలని గీత పదహారో అధ్యాయం చెప్పింది. వేలంపాటలో ఆ మూడూ ఒక్క నిమిషంలో తెరుచుకుంటాయి. రాసుకున్న అంకె దగ్గర నోరు కట్టుకోవడం చిన్న తపస్సేమీ కాదు.

అయితే నోరు కట్టుకోవడంలోనూ తేడా ఉంది. 1931లో అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని మాడిసన్ కౌంటీలో అప్పు తీర్చలేని ఒక రైతు కుటుంబం ఆస్తి వేలానికి వచ్చింది. చుట్టుపక్కల రైతులు దాదాపు 150 మంది వచ్చి నిలబడ్డారు. మొదటి పాట అయిదు సెంట్లు. ఆ పైన పెంచబోయినవారిని గట్టిగా వారించారు. ఒక్కొక్కటిగా అన్నీ చిల్లర డబ్బులకే పోయాయి. మొత్తం కలిపి వచ్చింది 5.35 డాలర్లు. తర్వాత ఇలాంటి పాటలు చాలాచోట్ల జరిగాయి. కొన్న పనిముట్లను, పశువులను ఇరుగుపొరుగువారు మళ్లీ ఆ ఇంటికే అప్పగించేవారు. కొన్నిచోట్ల బయటి పాటదారులను భయపెట్టడానికి ఉరితాళ్లు వేలాడదీశారు. దాన్ని ధర్మమని నేను అనలేను. ఏ బెదిరింపూ లేకుండా, తోటివాడి కోసం పెదవి బిగించినవారికి మాత్రం చేతులెత్తి మొక్కాలి.

మన దగ్గర కొన్ని వేలాల్లో పాటదారులు ముందే కూడబలుక్కుని సిండికేట్ అవుతారు. ఒకడే పాడతాడు, మిగతావారు చూస్తూ ఊరుకుంటారు. పైకి చూస్తే ఇదీ నెబ్రాస్కా మౌనం లాంటిదే, కానీ ఇక్కడ కొన్న బండి మళ్లీ రైతు ఇంటికి చేరదు. అకర్మలో కర్మను చూడగలగాలని గీత నాలుగో అధ్యాయం అంటుంది. నోరు మెదపని పాటదారు కూడా కర్మ చేస్తున్నాడు, దాని ఫలం ఒక ఇంటిని తాకుతోంది. వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే ఆ లోటు కట్టాల్సింది బండి పోగొట్టుకున్న రైతే. బాకీ పోను మిగిలితే అది అతనికే దక్కాలి. పాటదారులు ఎవరికి వారు న్యాయమనుకున్న ధర దాకా పాడితే, పెరిగిన ప్రతి వెయ్యీ ఆ రైతు నెత్తిమీది అప్పులోంచి తగ్గుతుంది.