గురువు మూసయైన వైనము

సాధన పేరిట ఒక మనిషి మరియొక మనిషిని పనిముట్టుగా వాడుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు అందరును వెంటనే కూడదనియే చెప్పుదురు. కాని ఆరోగ్యము, దీర్ఘాయువు, ముక్తి అను పెద్ద మాటలు ఎదుట నిలిచినప్పుడు ఆ సమాధానము మెల్లమెల్లగా సడలుట లోకమున చూచుచున్నదే. అట్లు సడలిన వైనమును చీనా దేశపు పూర్వ సాహిత్యము దాచక చూపుచున్నది. అదియును, పెద్దలు పేరెత్తుటకైన సంకోచించు శృంగార కథలలో చూపుచున్నది. ఆ కథలను రుచి కొరకు గాక విచారణ కొరకు పరికించినచో, వాని వెనుకనున్న తావో మార్గపు భావములును, ఆ భావములు పొందిన వికారమును తెలియగలవు.

తావో అనగా మార్గము. లావో త్సు పేర నిలిచిన చిన్న గ్రంథము నీటిని, లోయను, స్త్రీత్వమును ఉపమానములుగా గైకొని, కాఠిన్యముకంటె మెత్తదనము గొప్పదని బోధించినది. కోరికలను తగ్గించుకొనుమని హెచ్చరించినది. ప్రపంచమంతయు యిన్, యాంగ్ అను రెండు తత్త్వముల కలయికయని చీనీయుల విశ్వాసము. యిన్ చల్లదనము, నీడ, స్త్రీ. యాంగ్ వెచ్చదనము, వెలుగు, పురుషుడు. ఒకటి లేక రెండవది లేదు. దేహమున చింగ్ అను సారము కలదనియు, దానిని వృథా చేయక కాపాడుకొన్నవానికి ఆయువు పెరుగుననియు వారి వైద్యులు నమ్మిరి. దాంపత్య విషయకమైన శాస్త్రము ఈ నమ్మకమునుండియే పుట్టినది.

ఆ శాస్త్రపు తొలిరూపము మన కాలముననే బయల్పడినది. 1973లో హూనాన్ రాష్ట్రమందలి చాంగ్‌షా నగరము చెంత, మావాంగ్‌దుయి అను చోట, క్రీ.పూ. 168లో మూయబడిన సమాధి నొకదానిని త్రవ్విరి. అందు పట్టుబట్టపై వ్రాసిన లావో త్సు గ్రంథపు ప్రతులు రెండు దొరకినవి. అదే సమాధిలో వెదురుబద్దలపై వ్రాసిన దాంపత్య శాస్త్రములును దొరకినవి. ఒకే మనిషి పరలోక ప్రయాణమునకు రెండును తోడుగా పంపిరన్నమాట. ఆ బద్దలలోని ఉపదేశము తొందరపాటును ఖండించుచున్నది. స్త్రీ శ్వాసను, ముఖపు రంగును, ఆమె ఇష్టాయిష్టములను గమనించి మెలగుమని పురుషునకు చెప్పుచున్నది.

అటు పిమ్మట ప్రసిద్ధి కెక్కినది సూ న్యూ గ్రంథము. సూ అనగా రంగు వేయని పట్టు. సూ న్యూ అనగా నిరాడంబరయగు కన్య. పీత చక్రవర్తి హ్వాంగ్ దీ శిష్యునివలె ప్రశ్నించును. ఆమె గురువువలె సమాధానము చెప్పును. ఈ గ్రంథము చీనాలో నశించినను, జపాను వైద్యుడు తాంబా యాసుయోరి 984లో కూర్చిన ఇషింపో అను వైద్య సంగ్రహమున దాని భాగములు నిలిచినవి. వానిని ఏర్చి 1903లో ప్రకటించిన యే దెహుయి అను పండితుడు సాటి విద్వాంసులచేత తిట్లు తినెను. కాని మనము గమనింపవలసినది ఒక్కటి: ఈ విద్యకు తొలి గురువు స్త్రీ.

అదే ఇషింపోలో ఉదాహరింపబడిన మరియొక గ్రంథమును చూచినచో గాలి మారినట్లు తోచును. పురుషుడు తన యాంగ్‌ను పెంచుకొనుటకు స్త్రీలను తరచుగా మార్చవలెనట. ఈ విద్యను స్త్రీకి తెలియనీయరాదట. తెలిసినచో ఆమెయే లాభము పొందునట. చెప్పిన గురువుకే విద్య నిషిద్ధమైనది! కలయిక అనునది పోయి బేరము వచ్చినది. బేరము వెంట యుద్ధము వచ్చినది. ఒకరి సారమును మరియొకరు ఏరుకొని తమ లోటు పూరించుకొనుటకు చాయ్‌పూ అని పేరు పెట్టిరి. రసవాదులు పాదరసమును కరిగించు పాత్ర పేరు దింగ్. మన కంసాలుల మాటలో మూస. ఆ మాటను స్త్రీకి అన్వయించిరి. బంగారము దిగినపిమ్మట మూసను గూర్చి ఎవ్వరును చింతింపరు గదా!

ఈ దోషము తావో మార్గమంతటిదని తలచుట న్యాయము గాదు. నాలుగవ శతాబ్దికి చెందిన గె హోంగ్ ఈ విద్య యొక్కదానితోనే అమరత్వము రాదని స్పష్టముగా వ్రాసెను. కొవ్ చియెన్‌జి 415లో తమ మతమును సంస్కరించుచు స్త్రీపురుష సంయోగ క్రతువులను ఖండించెను. 682లో మరణించిన మహావైద్యుడు సున్ సిమియావ్ ఇది భోగము కొరకు గాదని హెచ్చరించెను గాని, స్త్రీలను లెక్కించు అలవాటును తానును పూర్తిగా వదలలేదు. పండ్రెండవ శతాబ్దమున వాంగ్ చోంగ్‌యాంగ్ (1113-1170) స్థాపించిన చువాన్‌జెన్ శాఖ బ్రహ్మచర్యమును విధించి, మూసయు కొలిమియు సాధకుని దేహముననే కలవని బోధించినది. ఆయన ప్రధాన శిష్యులేడుగురిలో సున్ బుఅర్ అను స్త్రీ యొకతె. మూసను ఇతరుల దేహమునుండి తన దేహమునకు తెచ్చుకొనుట, ఆ గోష్ఠిలో స్త్రీకి మరల చోటు దొరకుట, ఈ రెండును ఒకే కాలమున జరుగుట ఆలోచింపదగినది.

అయినను రాజాంతఃపురములకు ఈ సంస్కారము చేరలేదు. మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తి (పాలన 1521-1567) అమరత్వ గుళికలపై వ్యామోహము గలవాడు. ఆ గుళికల కొరకు చిన్న బాలికలను కోటకు చేర్చిరని ఆ కాలపు రచనలు తెలుపుచున్నవి. 1542లో 16 మంది అంతఃపుర స్త్రీలు ఆయన నిద్రించుచుండగా మెడకు త్రాడు బిగించి చంపజూచిరి. ముడి సరిగా పడలేదు, చక్రవర్తి బ్రదికెను, వారందరును చిత్రవధకు గురియైరి. మూసలకు ప్రాణము కలదని చరిత్ర ఆ రాత్రి చెప్పినది.

ఇట్టి కాలమున వెలువడినదే చిన్ పింగ్ మెయ్ అను నూరు అధ్యాయముల నవల. కర్త తన అసలు పేరు చెప్పలేదు. దొరకిన ముద్రిత ప్రతులలో మొదటిదాని పీఠిక 1617 నాటిది. కథ సోంగ్ రాజుల కాలమున జరిగినట్లున్నను, చూపినది మింగ్ సమాజమునే. నాయకుడు షీమెన్ చింగ్ మందుల వర్తకుడు. ధనముతో పదవిని, పదవితో ధనమును కొనువాడు. అతనికి ఒక సన్న్యాసి గుళికలిచ్చి మితము మీరవలదని హెచ్చరించును. ఆ మందు తెచ్చిన నాడే షీమెన్, అనారోగ్యముతోనున్న తన భార్యలలో నొకతె లీ పింగర్ వద్దన్నను వినడు. ఆనాటినుండి పట్టిన రక్తస్రావ వ్యాధి, పుత్రశోకముతో గూడి, ఆమెను బలిగొనును. ఆమె తరువాతనే షీమెన్ వంతు. త్రాగి పడియున్న అతనికి మరియొక భార్య పాన్ చిన్‌లియెన్ ఒకేసారి మూడు గుళికలు మ్రింగించును. ముప్పదిమూడవ యేట అతడు మరణించును. హాన్ వంశపు చెంగ్ చక్రవర్తి ఏడు గుళికలతో మరణించెనను పాత కథ దీనికి మాతృక. కాని పాత కథలో లేనిది ఇందు కలదు: పగిలినది ముందు మూసయని ఈ రచయిత మరువలేదు.

ఆ సన్న్యాసి తాను పశ్చిమమున తియెన్‌జూ దేశమునుండి వచ్చితినని చెప్పుకొనును. తియెన్‌జూ అనగా భారతదేశమే. ఈ మాటకు చరిత్రయు కలదు. 648లో వాంగ్ షువాన్‌త్సె అను రాయబారి నారాయణస్వామి యను భారతీయుని చీనా రాజసభకు కొనిపోగా, తైజోంగ్ చక్రవర్తి ఆతనిచేత దీర్ఘాయువునకు మందు చేయించెను. మరుసటి యేడే చక్రవర్తి మరణించెను. మన తాంత్రిక గ్రంథములందేమో వసిష్ఠుడు మహాచీనమునకేగి చీనాచారమును నేర్చుకొని వచ్చెనను కథ కలదు. మనము వారిని, వారు మనలను చూపిరి. తన యింట పుట్టిన కోరికకు పొరుగూరి పేరు పెట్టుట మానవ స్వభావము గాబోలు.

1657 నాటి రౌ పూ త్వాన్ అను నవలను లీ యూ (1611-1680) వ్రాసెనని పలువురి అభిప్రాయము. అందలి నాయకుడు బౌద్ధ గురువు హితవును త్రోసిపుచ్చి పరస్త్రీల వెంట తిరిగి, తుదకు పశ్చాత్తాపపడి భిక్షువగును. కర్మఫలము తప్పదని ఉపదేశము. కాని ఆ ఫలమును చెల్లించినదెవరు? అతడు విడిచిన భార్య వేశ్యాగృహమునకు అమ్ముడుపోయి, అచ్చటికి విటుడుగా వచ్చిన భర్తను చూచి సిగ్గుతో ఉరిపోసుకొన్నది. ఆమె చావు చూచి అతనికి జ్ఞానము కలిగినది! ఇచట భోగము మూసను కోరలేదు, వైరాగ్యమే కోరినది. ఆయువు కొరకు స్త్రీని కరిగించినవానికిని, ముక్తి కొరకు కరిగించినవానికిని భేదమేమి? ఈ నవలలోని అశ్లీలతను నిందించినవారు వేలకొలది కలరు గాని, ఈ ధర్మలోపమును పట్టించుకొన్నవారు అరుదు.

1868లో జియాంగ్సూ పాలకుడు దింగ్ రీచాంగ్ ఇట్టి గ్రంథములను పెద్ద పట్టిక వేసి నిషేధించెను. ఆ పట్టికలో చిన్ పింగ్ మెయ్ ఉన్నది. చీనీయులు శిరోధార్యముగా భావించు హోంగ్ లౌ మెంగ్ నవలయు ఉన్నది. నిషేధించు చేయి పుటలను చూచును గాని లోపలి ధర్మమును చూడదు. పండితులును తొట్రుపడిరి. డచ్చి దేశపు రాయబారి రాబర్ట్ వాన్ గూలిక్ 1951లో ప్రకటించిన గ్రంథమున తావో సాధకులను రక్తము పీల్చు పిశాచములతో పోల్చెను. అది యన్యాయమని, ఆ మార్గమున స్త్రీకి దక్కిన గౌరవమును మరువరాదని జోసెఫ్ నీడమ్ వాదింపగా, 1961 నాటి తన గ్రంథమున వాన్ గూలిక్ ఆ మాటను సవరించుకొనెను. విచారింపగా ఇరువురిలోను సత్యము కలదు. సూ న్యూను గురువుగా నిలిపినదియు ఆ సంప్రదాయమే. స్త్రీకి చెప్పవలదన్నదియు ఆ సంప్రదాయమే.

కనుక దోషము దేహముననున్నదా, కోరికయందున్నదా అను పాత తర్కముతో ఈ విషయము తెగదు. దేహమును దేవాలయమని తలచు పాఠకుడు తన దేహమును మాత్రమే అట్లు తలచిన చాలదు. ఎదుటివారి దేహమును గూడ అట్లే తలచవలెను. ఒక విద్య గాని, ఒక వ్రతము గాని, ఒక ఔషధము గాని మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు చీనా కథలు మనకొక చిన్న గీటురాయి నిచ్చుచున్నవి. ఆ విద్యను ఎవరిపై ప్రయోగించుచున్నామో వారి యెదుటనే, వారికి వినబడునట్లు, మొదటినుండి తుదివరకు చెప్పగలమా? చెప్పగలిగినచో వారింకను గురుపీఠముననే యున్నారు. చెప్పుటకు నోరు రానిచో మూస అప్పటికే కొలిమి కెక్కినదని గ్రహింపవలెను.