బూడిద మెత్తిన సాక్షి

ఇబ్రహీంపట్నంలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. తండ్రి పోయాక ఉన్న కాస్త పొలం అమ్మేసి, 2018లో ఒకే రోజున చెరో చిన్న టిప్పరు కొనుక్కున్నారు. రెండూ బీఎస్-4 బండ్లే. నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్ల కామన్ రైల్ డీజిల్ ఇంజిన్. థర్మల్ స్టేషన్ బూడిద చెరువులో లోడు ఎత్తుకోవడం, మైలవరం వైపు బూడిద ఇటుకలు చేసే యూనిట్లలో దింపడం, ఇదే పని.

ఆ బూడిద మామూలు రోడ్డు దుమ్ముకన్నా మెత్తన. అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. బొగ్గులోని మట్టి కొలిమి వేడికి కరిగి, కంటికి ఆనని గాజు గుండ్లై పైకి లేస్తుంది. పట్టా కప్పినా ఆగదు, అద్దం ఎత్తినా ఆగదు. ఇనుము మీద ఇనుము ఒరుసుకునే చోట చేరిందంటే ఆ ఇనుమునే అరగదీస్తుంది.

ఒక ఎండాకాలం రెండు బండ్లకూ ఒకే జబ్బు పట్టుకుంది. చెరువు గట్టెక్కేటప్పుడు లోడు మీద లాగుడు పోయింది. ఎంత రేసు ఇచ్చినా మూలుగుడే. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు. పొగ మాత్రం లేదు.

అన్న ముందు వెళ్లాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో స్కానర్ తగిలించారు. పీ 0101 అని కోడ్ వచ్చింది. “ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయిందన్నా” అన్నాడు కుర్రాడు. కొత్తది వేశాడు, కోడ్ తుడిచేశాడు. బండి గట్టు ఎక్కి దూకింది. ఆరేడు వేలు వదిలినా అన్న సంతోషంగానే ఇంటికొచ్చాడు.

రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే మూలుగు, అదే లైటు. అన్నకు ఒళ్లు మండింది. డూప్లికేట్ సామాను అంటగట్టారని షాపువాణ్ణి నాలుగు తిట్టి వచ్చాడు. చెరువు దగ్గర లైన్లో నిలబడ్డ ఇంకో డ్రైవరు విని నవ్వాడు. “దానికి ఇంత రగడ ఎందుకు? సెన్సార్ ప్లగ్గు పీకెయ్. బండి దానంతటదే నడుస్తుంది” అన్నాడు. అన్న పీకేశాడు. నిజంగానే లాగుడు వచ్చేసింది! సెన్సార్ నుంచి మాట రాకపోయేసరికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీఎం, తనకు ముందే రాసిపెట్టిన అంకెలతో బండి నడుపుకుంటోంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. దాని మీద నల్ల టేపు ముక్క అంటించాడు.

“ఒరేయ్, ఏడు వేలు పెట్టి కొన్నప్పటికంటే పీకి పారేశాకే బాగుందిరా” అన్నాడు తమ్ముడితో. “నువ్వూ పీకెయ్.”

తమ్ముడు బానెట్ ఎత్తి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు కూడా. ఎందుకో మనసొప్పలేదు. పనికిరానిదైతే కంపెనీవాడు దాన్నక్కడ ఎందుకు పెట్టినట్టు? తండ్రి పాత లారీకి పంపు పని చేసిన ముసలి మేస్త్రి ఒకాయన ఆటోనగర్‌లోనే ఉన్నాడు. స్కానర్లు వచ్చాక ఆ పనీ నేర్చుకున్నాడు. తమ్ముడు ఆయన దగ్గరికి వెళ్లాడు.

మేస్త్రి స్కానర్ తియ్యలేదు. “పొగ వస్తోందా?” అని అడిగాడు.

“లేదు మేస్త్రీ.”

“నల్లగా, కొంచెమైనా?”

“అసల్లేదు.”

“అయితే విను. టర్బో దాటాక ఎక్కడైనా గాలి కారిపోతుంటే, కొలిచిన గాలంతా సిలిండర్‌కి చేరదు. కొలతను నమ్మి పోసిన డీజిల్ సరిగా కాలక నల్లపొగ కక్కుతుంది. నీ బండికి పొగా లేదు, లాగుడూ లేదు. అంటే డీజిలే తక్కువ పడుతోంది. గాలి తక్కువుందని ఈసీఎంకి కబురు అందింది. అది నమ్మి చెయ్యి బిగబట్టింది. ఆ కబురు నిజమో అబద్ధమో మనం తేల్చాలి.”

“కోడ్ వస్తే సెన్సార్ పోయినట్టే కదా మేస్త్రీ?”

“కోడ్ ఆ మాట చెప్పదు నాయనా. సెన్సార్ చెప్పిన లెక్కా, ఈసీఎం వేసుకున్న లెక్కా కలవడం లేదు అంటుంది, అంతే. తప్పు ఎవరిదో మనమే వెతుక్కోవాలి.”

ముందు ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఫిల్టర్ మూసుకుపోతే నిజంగానే గాలి తగ్గుతుంది. దాన్ని చేత్తో ఎత్తి చూసి, “బూడిద చెరువులో తిరిగే బండికి ఇంత తేలికా?” అని గొణిగి పక్కన పెట్టాడు. తరవాత ఈజీఆర్ వాల్వు. అది తెరుచుకుని ఇరుక్కుపోతే కాలిన పొగ వెనక్కొచ్చి మంచి గాలి చోటు ఆక్రమిస్తుంది. ఆ దారికి కాసేపు రేకు అడ్డం పెట్టి, అప్పుడు స్కానర్ తగిలించాడు. కోడ్ వంక చూడకుండా నడుస్తున్న అంకెలు తెరిచాడు.

“లెక్క వేద్దాం. రెండున్నర లీటర్లు, నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి 0.625 లీటరు. ఈ ఎండకి లీటరు గాలి బరువు 1.1 గ్రాము పైచిలుకు. నిండా నిండితే ఒక్కో స్ట్రోక్‌కి 700 మిల్లీగ్రాములు. నిండా ఎప్పుడూ నిండదు, 600 దగ్గర ఉంటే బండి మంచిదే. ఇక్కడ చూడు, 400 చూపిస్తోంది. ఈజీఆర్ దారి మూసినా ఇంతే. కాబట్టి ఈజీఆర్ తప్పు లేదు.”

సెన్సార్‌కీ టర్బోకీ మధ్య ఉన్న రబ్బరు పైపు ఊడదీసి, మడతలు విప్పి వెలుతురులో చూశాడు. అక్కడ పగులుంటే కొలతకు అందకుండా గాలి దొంగదారిన లోపలికి పోతుంది, సెన్సార్ తక్కువ చెప్తుంది. పగుల్లేదు. మీటరు పెట్టి ప్లగ్గులో 12 వోల్టులు వస్తున్నాయని చూశాడు. ఇంజిన్ నడుస్తుండగా ఎర్త్ వైరులో వోల్టేజీ పడిపోతోందేమో చూశాడు. 0.1 వోల్టు కూడా లేదు. వైర్లు శుభ్రం.

ఇక మిగిలింది సెన్సారే. కీ తీసేసి, స్క్రూలు విప్పి, దాన్ని ఎండలోకి పట్టాడు. లోపలి సన్నటి పొర మీద బూడిద మెత్తుకుని ఉంది.

“ఈ పొరను కరెంటు వేడిగా ఉంచుతుంది. గాలి తగిలితే అది చల్లారుతుంది, వేడి టీ మీద ఊదినట్టు. మళ్లీ అంత వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు కావాలో చూసి, ఎంత గాలి పోయిందో లెక్కగడుతుంది. బూడిద కప్పుకుంటే గాలి పొరను తాకదు. ఎంత గాలి పోయినా కొంచెమే పోయిందంటుంది.”

తమ్ముడు జేబులోంచి గుడ్డ తీసి తుడవబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. “గుడ్డ తగిలితే చచ్చిపోతుంది. పెట్రోలు, బ్రేక్ క్లీనరు, ఎయిర్ గన్ను, ఏదీ పనికిరాదు.” సెన్సార్ల కోసమే అమ్మే స్ప్రే తీసి దూరం నుంచి కొట్టాడు. బూడిద కారిపోయింది. బాగా ఆరేదాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆరాక బిగించి స్టార్ట్ చేయించాడు. అంకె 600 పక్కకొచ్చి నిలబడింది. రేకు తీసేసి, కోడ్ తుడిచి, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పారు. బండి పాత బండి అయింది.

తమ్ముడు పర్సు తీశాడు.

“దాచుకో. పని ఇప్పుడే మొదలైంది” అన్నాడు మేస్త్రి. “సెన్సార్ ఉన్నది ఫిల్టర్ దాటాక. ఫిల్టర్ దాటిన చోటికి బూడిద ఎలా వచ్చింది?”

పక్కన పెట్టిన ఫిల్టర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చవకరకం. అంచు రబ్బరు గట్టిపడింది, ఒక పక్క అంచు వంగింది. డబ్బా క్లిప్పుల్లో ఒకటి లేదు, ఆ చోట బైండింగ్ వైరు చుట్టి ఉంది. మేస్త్రి డబ్బా లోపల, శుభ్రంగా ఉండాల్సిన వైపున వేలు రాసి చూపించాడు. వేలికి బూడిద.

“ఈ అంచు ఎందుకు వంగింది?”

తమ్ముడికి కాసేపు మాట రాలేదు. “క్లీనర్ రోజూ టైరుకేసి కొట్టి దులుపుతాడు మేస్త్రీ. చెరువు దగ్గరే.”

“చూశావా? ఫిల్టర్ తేలిగ్గా ఉన్నది దులిపినందుకు కాదు. బూడిద దాన్ని వదిలేసి సందులోంచి పోతున్నందుకు. సెన్సార్ మీద ఆగింది గోరంత. ఆగకుండా లోపలికి పోయింది ఎంతో!” టర్బో మూతి దగ్గర టార్చి వేసి రెక్కల అంచులు చూశాడు. కాస్త మొద్దుబారాయి కానీ ఇరుసు ఊగడం లేదు. “నీ అదృష్టం బాగుంది. ఇంకో ఆరు నెలలు ఇలాగే తిప్పి ఉంటే నా దగ్గరికి బండి వచ్చేది కాదు, ఇంజిన్ వచ్చేది.”

మంచి ఫిల్టరు, కొత్త క్లిప్పు పడ్డాయి. చెరువు దగ్గర ఫిల్టర్ డబ్బా విప్పకూడదని, ఫిల్టర్‌ను దేనికేసీ కొట్టకూడదని క్లీనర్‌కి గట్టిగా చెప్పారు. ఖర్చు మొత్తం కలిపినా అన్న సెన్సార్‌కి పెట్టినదానికంటే తక్కువే.

తమ్ముడు ఇంటికొచ్చి అంతా చెప్పాడు. “నా బండికి ఆ గోలే లేదురా” అన్నాడు అన్న.

సంక్రాంతి నాటికి అన్న బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొచ్చేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలిపొగ. మేస్త్రి దగ్గరికి తెచ్చేసరికి లైనర్లు, రింగులు అరిగిపోయి ఇంజిన్ బోర్‌కొచ్చింది.

“ముందుగా ఒక్క సూచన కూడా ఇవ్వలేదు మేస్త్రీ” అని వాపోయాడు అన్న.

మేస్త్రి క్యాబిన్‌లోకి వంగి, కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. డ్యాష్‌బోర్డు మీది నల్ల టేపు గోటితో ఊడదీశాడు. లైటు వెలుగుతోంది.

నీతి: తప్పు చెప్పేవాడి మాట వెనక కూడా ఒక నిజం ఉంటుంది. ఆ తప్పు వాడిచేత పలికిస్తున్నదేమిటో కనుక్కోనంతవరకు వాణ్ణి మార్చినా, వాడి నోరు మూయించినా కీడు లోపలికి వస్తూనే ఉంటుంది.

చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి శిక్షించకూడదని పెద్దలు చెప్తారు. ఈ కథకు ఆ మాట చాలదు. ఇక్కడ కబురు తెచ్చినవాడు నిజంగానే తప్పు చెప్పాడు. గాలి సరిపడా పోతుంటే తక్కువుందన్నాడు. అందుకే షాపు కుర్రాణ్ణి అబద్ధాలకోరు అనలేం, సెన్సార్ పోయిందన్న మాట సగం నిజం. కానీ కొత్త సెన్సార్ కూడా ఆ గాలిలోనే నిలబడాలి, దాని మీదా ఆ బూడిదే పడాలి. రెండు నెలల తరవాత అది కూడా పాతదాని మాటే చెప్పింది.

ఇంట్లో పిల్లవాడు మార్కుల గురించి అబద్ధం చెప్పడం మొదలుపెడతాడు. అబద్ధం తప్పే. కానీ నిజం చెప్పిన రోజున వాడికి ఏం దక్కింది? బెల్టు దెబ్బలే దక్కి ఉంటే, స్కూలు మార్చినా వాడు కొత్త స్కూల్లోనూ అదే నేర్చుకుంటాడు. మార్కులు అడగడమే మానేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, చదువు మాత్రం పాడవుతూనే ఉంటుంది. ఆఫీసులో గుమాస్తా పైకి తప్పుడు లెక్కలు పంపుతాడు. వాణ్ణి బదిలీ చేస్తే వాడి కుర్చీలో కూర్చున్న కొత్తవాడూ కొన్నాళ్లకు అవే లెక్కలు పంపుతాడు. లోటు ఉన్నది ఉన్నట్టు రాసినవాడికి అక్కడ చీవాట్లే దక్కుతాయి గనుక.

మేస్త్రి చూపించిన వరసే ఇక్కడా దారి. ముందు ఆ మాట నిజమో కాదో కొలిచి తేల్చుకోవాలి. తప్పని తేలితే చెప్పినవాణ్ణి సరిచేయాలి, అదీ సుతారంగా, విరిగిపోకుండా. ఆ పైన బూడిద వస్తున్న సందు వెతికి మూయాలి. మొదటి రెండూ చాలామందే చేస్తారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి బండి బాగా లాగుతూ ఉంటుంది, పర్సు చేతిలోకి వచ్చి ఉంటుంది, ఇంకా వెతకాలని ఎవరికీ అనిపించదు. బాగైందనిపించిన చోట ఆగినవాడు సగం పనే చేశాడు. ఎందుకు చెడిందో తెలిశాక ఆగినవాడే పని పూర్తి చేశాడు.